చేప మీద ఉప్పు చల్లిందెవరు?

పిల్లలూ! మీది అమ్రాబాద్ అయితే అక్కడి చలి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. నల్లమల మీద, చుట్టుపక్కల మైదానాల కన్నా ఎత్తున ఉన్న పీఠభూమి అది. పుష్యమాసంలో తెల్లవారుజామున గడప దాటితే పళ్ళు టకటకలాడతాయి. మనకు దుప్పటి ఉంది. మరి అద్దాల తొట్టెలో ఉన్న చేపకో?

అలాంటి ఒక ఉదయాన్ని ఊహించుకోండి. మీ ఇంట్లో నాలుగడుగుల తొట్టె, అందులో జానెడు పైన పొడవున్న ఆస్కార్ చేప. నిన్నటి వరకు మీ వేలు కనబడగానే అద్దం దగ్గరికి ఉరికి వచ్చేది. ఇవాళ మేత ముట్టదు. ఉండుండి ఒక్కసారిగా దూసుకుపోయి ఒంటిని రాళ్ళకేసి రుద్దుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే వాజాల మీద, వీపు మీద తెల్లని చుక్కలు, ఎవరో సన్న ఉప్పు చల్లినట్లు! ఇవాళ పది ఉన్నవి రెండు మూడు రోజుల్లో వందలవుతాయి. అలాగే వదిలేస్తే చేప దక్కదు.

దీన్నే తెల్లచుక్కల వ్యాధి అంటారు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి వేరు సుమా! అది వైరస్ వల్ల వస్తుంది. 1994 తర్వాత మన కోస్తా రొయ్యల రైతులను నిలువునా ముంచింది అదే. చేపలకు వచ్చే ఈ జబ్బుకు కారణం ఒక ఏకకణ జీవి. పాఠ్యపుస్తకంలో చెప్పు అడుగు ఆకారంలో ఉండే పారమీషియం బొమ్మ చూశారు కదా, దానికి ఇది దూరపు చుట్టం. ఒళ్ళంతా సన్నని శైలికలు ఉంటాయి. పేరు మాత్రం నోరు తిరగనిది: ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలియస్. ఫూకే అనే శాస్త్రవేత్త 1876లో పెట్టాడు. గ్రీకు, లాటిన్ మాటలు కలిపిన ఆ పేరుకు 'బహు సంతానం గల చేప పేను' అని అర్థం. పేను కాకపోయినా, బహు సంతానం మాట మాత్రం అక్షరాలా నిజం.

వైద్యానికి ముందు ఒక హెచ్చరిక. తెల్లగా కనబడిన ప్రతి చుక్కా జబ్బు కాదు. ఈడుకొచ్చిన మగ గోల్డ్‌ఫిష్‌కు గుడ్లు పెట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు వాజాల అంచున తెల్లని గింజల్లాంటివి వరసగా లేస్తాయి. చేప హుషారుగా తిరుగుతూ, చుక్కలు అక్కడే ఉండిపోతే అది మగతనపు గుర్తు! దానికి మందు వేసి ప్రాణం తీసిన వాళ్ళు లేకపోలేదు.

ఇక మన శత్రువు కథ. చుక్క చేప చర్మం మీద అంటుకున్నట్లు కనిపిస్తుంది గానీ, నిజానికి అది చర్మం పైపొర కిందకి దూరి కూర్చుంటుంది. అక్కడ చేప కణాలను తింటూ ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. పైన చర్మమే దానికి గొడుగు. కనుక నీళ్ళలో మీరు ఏ మందు పోసినా దానికి తగలదు. కడుపు నిండాక చర్మాన్ని చీల్చుకుని బయట పడుతుంది. కొన్ని గంటలు ఈది, ఇసుకకో రాయికో అంటుకుని, చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. ఆ గూడులో అది రెండుగా చీలుతుంది. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పదిసార్లు చీలితే ఎన్నవుతాయో లెక్క వేయండి. 1,024! నీరు 25 సెంటీగ్రేడు డిగ్రీలుంటే ఈ పనంతా సుమారు ఒక్క రోజులో ముగుస్తుంది. గూడు పగిలి వందలాది పిల్లలు చేపను వెతుక్కుంటూ బయలుదేరతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే వాటికి చావే.

చూశారా చిత్రం! కృష్ణానదిలో ఈ పిల్లల్లో చాలా భాగానికి చేప దొరకనే దొరకదు. నది అంత పెద్దది. మన తొట్టెలోనో? నాలుగు పలకల మధ్య చేప ఎక్కడికి పోతుంది? నదిలో అంతగా బాధించని జబ్బు అద్దాల తొట్టెలో మహమ్మారి అయ్యేది ఇందుకే.

చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మందు వేస్తారు. మూడు రోజులకు చుక్కలు మాయమవుతాయి. 'నయమైంది' అని ఆపేస్తారు. చుక్కలు పోయింది మందు వల్ల కాదు, అవి పండి రాలిపోయాయి! అడుగున గూళ్ళు కట్టుకున్నాయి. వారం తిరక్కుండా రెట్టింపు బలంతో దిగుతాయి. మందుకు దొరికేది ఈదే పిల్లలు మాత్రమే. కాబట్టి ప్రతి చుక్కా రాలి, ప్రతి గూడూ పగిలే దాకా మందు నీళ్ళలో ఉండి తీరాలి. చివరి చుక్క పోయాక ఇంకో వారం ఆగాలన్న నియమం ఇందుకే పుట్టింది.

10 డిగ్రీల నీటిలో ఈ చక్రం తిరగడానికి నెల పైన పడుతుంది. 25 డిగ్రీల్లో వారం చాలు. అందుకని నీటిని వెచ్చబెడితే శత్రువు త్వరగా బయటికొస్తాడు. 30 డిగ్రీలు దాటితే చాలా రకాల తెల్లచుక్క జీవులు సరిగా వృద్ధి చెందలేవు. ఆస్కార్ అమెజాన్ నదీ ప్రాంతపు చేప, ఆ వేడికి ఓర్చుకుంటుంది. గోల్డ్‌ఫిష్, కోయి ఇబ్బంది పడతాయి. హీటరుతో రోజుకు రెండు మూడు డిగ్రీల చొప్పున మాత్రమే పెంచాలి. ఇది పెద్దవాళ్ళ పని. నీళ్ళలో చేయి పెట్టే ముందు ప్లగ్గు పీకాలని వాళ్ళకూ గుర్తు చేయండి!

వేడిమికి ఇంకో చిక్కు ఉంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. పరాన్నజీవి మొప్పల్లోనూ తిష్ఠ వేస్తుంది కనుక, చేపకు అప్పటికే ఊపిరాడదు. పెద్ద చేపకు గాలి అవసరం ఇంకా ఎక్కువ. గాలి పంపును రాత్రింబవళ్ళు ఆడించాలి. కరెంటు పోతే? చెంబుతో నీళ్ళు తోడి పై నుంచి పోస్తూ ఉండండి. చూడటానికి వింతగా ఉన్నా పని చేస్తుంది.

మరి మందేమిటంటారా? ఉప్పు! చేప మీద చల్లినట్లు కనబడిన ఉప్పుకు ఉప్పే విరుగుడు. మంచినీటి చేప రక్తంలో లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువ. కాబట్టి నీరు ఎప్పుడూ ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. చర్మం నిండా తూట్లు పడితే ఆ చొరబాటు మరీ ఎక్కువై చేప అలిసిపోతుంది. నీటిలో కాస్త ఉప్పు కలిపితే ఆ తేడా తగ్గి చేపకు ఊరట. ఈదే పిల్లలకు మాత్రం అదే ఉప్పు గిట్టదు.

ఎంత వేయాలి? ఇక్కడే పెద్ద చేపల వాళ్ళు తప్పటడుగు వేస్తారు. మోతాదు చేప బరువును బట్టి కాదు, నీటిని బట్టి. తొట్టె పొడవు 120, వెడల్పు 45, నీటి ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకోండి. మూడూ గుణించి 1,000తో భాగిస్తే 243 లీటర్లు. రాళ్ళు, ఇసుక తీసేస్తే సుమారు 220. లీటరుకు 2 గ్రాముల చొప్పున 440 గ్రాములు. అయొడిన్ కలపని దొడ్డుప్పు అయితే మేలు. దాన్ని విడిగా నీళ్ళలో కరిగించి, ఒకటిన్నర రోజుల్లో మూడు విడతలుగా పోయాలి. నీరు ఆవిరవుతుంది గానీ ఉప్పు ఆవిరి కాదు. కనుక తగ్గిన మట్టానికి ఉత్త నీరే పోయండి. అడుగు మురికి గొట్టంతో లాగేసినప్పుడు మాత్రం, తీసిన నీటి పాలు ఉప్పే మళ్ళీ కలపాలి. ఆ మురికితో పాటు గూళ్ళు కూడా పోతాయి, అందుకని రెండు రోజులకోసారి ఈ పని చేయడం ఎంతో లాభం. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళయితే ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి.

తొట్టెలోని మొక్కలకు ఉప్పు పడదు, ముందే తీసేయండి. పొలుసులు లేని చేపలకూ మోతాదు తగ్గించాలి. దుకాణంలో 'షార్క్' అని అమ్మే చేప షార్కే కాదు, మెకాంగ్ నది పంగాస్ అనే పొలుసుల్లేని చేప. మన సంతలో రూప్‌చంద్ పేరుతో అమ్మే చేపనూ కొందరు 'పాకూ' అని తొట్టెల్లో పెంచుతారు. మన చెరువుల్లో సాకే చేపలే ఇవన్నీ! కనుక ఈ జబ్బు అలంకారపు తొట్టె దగ్గర ఆగదు, తిండిచేపల పిల్లలనూ తింటుంది.

మాలకైట్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందు ఒకప్పుడు దీనికి పేరుపడ్డది. పని చేస్తుంది, కాదనలేం. కానీ అది మనిషికి హాని చేసేది. తినే చేపలకు వాడరాదని అనేక దేశాలు నిషేధించాయి. ఫార్మలిన్ ఆవిరి కళ్ళను, ఊపిరిని మండిస్తుంది. ఆ సీసాలు మీరు ముట్టకండి.

కొందరు విసుగెత్తి, రోగం వచ్చిన చేపను వాగులో వదిలేసి పుణ్యం చేశామనుకుంటారు. అమ్రాబాద్ వాగులు కృష్ణలోకి, శ్రీశైలం జలాశయంలోకి పోతాయి. అక్కడ వల మీద బతికే కుటుంబాలున్నాయి. తొట్టె అద్దాలు నాకే 'సక్కర్' చేపను ఇలాగే వదిలిపెట్టగా అది మన నీళ్ళలో పాతుకుపోయింది. దాని ముళ్ళకు వలలు చిరుగుతున్నాయి. తూర్పు కనుమల జలాశయాల్లో అదెంత దూరం పాకిందో తెలుసుకోవడానికి హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు గిన్నెడు నీటిలోని డీఎన్‌ఏ జాడలను పట్టే పరీక్ష తయారు చేయవలసి వచ్చింది.

గండం గడిచిన చేపకు ఈ జబ్బును ఎదుర్కొనే శక్తి వస్తుంది. మళ్ళీ సోకినా చుక్కలు తక్కువే. కొత్తగా కొన్న చేపకు ఆ శక్తి ఉండకపోవచ్చు, పైగా అదే రోగాన్ని మోసుకురావచ్చు. రెండు మూడు వారాలు దాన్ని వేరే తొట్టెలో ఉంచి చూడండి. వల, గొట్టం కూడా విడిగా పెట్టండి. తడి వల మీద కూడా గూడు ప్రయాణం చేస్తుంది. అన్నట్లు, వైద్యం ముగిశాక నీటిని కొంచెం కొంచెంగా మార్చుతూ ఉప్పు తగ్గించండి. ఆ తీసిన నీళ్ళను వాగులో గానీ, అమ్మ పెంచే గులాబీ పాదులో గానీ పోయకండి.