నదులే యెల్లలు

దక్షిణ అమెరికా ఖండమునందు అమెజాను అను మహానది కలదు. ఇది ఆండీసు పర్వతములలో బుట్టి, రమారమి 6,400 కిలోమీటర్లు ప్రవహించి, అట్లాంటికు మహాసముద్రమున గలియుచున్నది. దీని కిరువైపుల నున్న యెండ యొక్కటే, వాన యొక్కటే, అడవియు నించుమించుగా నొక్కటే. అయినను ఒక గట్టున మెలగు కోతిజాతి పెక్కుచోట్ల నావలి గట్టున గానరాదు. దీనికి గారణమేమి?

ఈ విషయమును శ్రద్ధతో విచారించిన వారిలో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేసు అను ఆంగ్లేయుడు ముఖ్యుడు. ఇతడు ధనికుడు కాడు. 1848వ సంవత్సరమున, ఇరువదియైదేండ్ల ప్రాయమున, మిత్రుడగు హెన్రీ వాల్టరు బేట్సుతో గూడి బ్రెజిలు దేశము చేరెను. పక్షులను, కీటకములను సేకరించి లండనునకు బంపి, వాని విక్రయమువలన వచ్చిన సొమ్ముతో నాలుగేండ్లు ఆ నదీతీరములందు సంచరించెను. అచ్చటి వేటకాండ్రు కొన్ని జంతువులు కావలసినపుడు నది దాటి పోవుదురేగాని యీవలి గట్టున వెదకరు. వాలేసు వారి యనుభవమును తేలికగా జూడక, ఏ కోతి యే గట్టున నుండునో విచారించి వ్రాసికొనెను.

1852వ సంవత్సరము ఆగస్టు నెలలో స్వదేశమునకు మరలుచుండగా నడిసముద్రమున నోడకు నిప్పంటుకొనెను. వెంట దెచ్చుచున్న సేకరణము దగ్ధమయ్యెను. కొన్ని చిత్తరువులును, కొన్ని వ్రాతలును మాత్రము దక్కెను. చిన్న పడవలలో పది దినములు గడపిన పిమ్మట వేరొక యోడవారు రక్షించిరి. అయినను ఆ డిసెంబరులోనే యతడు లండను జంతుశాస్త్ర సంఘమున అమెజాను కోతులనుగూర్చి వ్యాసము చదివెను. అమెజాను, రియోనీగ్రో, మదీరా నదులు పలు జాతులకు ఎల్లలనియు, నదుల పుట్టుచోట్ల కడ ఆ యెల్లలు చెరిగిపోవుననియు దెలిపెను. జంతువు పేరు క్రింద "బ్రెజిలు" అని మాత్రము వ్రాసిన జాలదని హెచ్చరించెను.

చెట్లపై జీవించు కోతులు విశాలమైన నదిని దాటుట యరుదు. ఇరుగట్టుల గుంపులు తరతరములు కలియకున్నచో, వేరువేరు మార్పులు పొంది తుదకు వేరు జాతులగును. దూర మెగురజాలని ట్రంపెటరు పక్షులందును ఇట్టి విభాగమే కలదు. కాని నదియే సర్వకారణము గాదు. నది దారి మార్చినపుడు కొంత యడవి యీ గట్టునుండి యా గట్టునకు జేరును. బాగుగ నెగురు పక్షులకు నది యడ్డు కానేకాదు.

ఈ విచారణ వట్టి వినోదము గాదు. నల్లగడ్డపు సాకి యను కోతి టొకాంటిన్సు నదికి దూర్పున మాత్రమే కలదు. అచ్చటి యడవులు నరకబడుటచే నది నేడు అపాయస్థితిలో నున్నది. ఆ గట్టు నడవి నశించినచో, ఆవలి గట్టు నడవి యెంత దట్టమైనను దానికి శరణము గాజాలదు.

విద్యార్థులారా! మీ రొక యాకునో, పురుగునో సేకరించినపుడు దాని పేరు తెలియకున్నను, దొరకిన చోటును, తేదిని తప్పక వ్రాయుడు. పేరు పిదప నెవరైనను జెప్పగలరు. చోటు మాత్రము చూచినవారే చెప్పవలెను.