చిటికెన వేలు ఎత్తే ధైర్యం

తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో 2004 జులై 16న బడి వంటపాకలో రేగిన మంట తరగతి గదుల పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013లో అదే తేదీన, బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊళ్లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు ప్రాణాలు వదిలారు. తిండిలో కలిసింది మోనోక్రోటోఫాస్, మన పత్తి రైతులకు బాగా తెలిసిన పురుగుమందే. మొదటి ఘోరానికి జవాబు ఇంజినీరు దగ్గర దొరుకుతుంది. 2009లో సుప్రీంకోర్టు బడులన్నిటికీ అగ్నిమాపక జాగ్రత్తలు తప్పనిసరి చేసింది కూడా. రెండోదానికి అంత తేలిగ్గా జవాబు దొరకదు. రుచి తేడాగా ఉందని పిల్లలు చెప్పినా తినమన్నారని అప్పట్లో వార్తలొచ్చాయి. బడి భద్రత అనగానే మనకు ప్రహరీగోడ, సీసీ కెమెరా గుర్తొస్తాయి. అవి కావలసినవే. కానీ ఆరేళ్ల పిల్ల అక్కడి పెద్దవాళ్లతో జంకు లేకుండా ఒక మాట చెప్పగలుగుతోందా అన్నది అంతకంటే ముందు చూడాలి.

ఎందుకంటే పిల్లల రక్షణ కోసం మనం చేసుకున్న చట్టాలు ఆ మాట మీదే ఆధారపడి ఉన్నాయి. చిన్నారిపై లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. అయితే తెలియడమెలా? కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 13 రాష్ట్రాల్లో జరిగింది. బడికెళ్లే ప్రతి ముగ్గురిలో ఇద్దరు అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. లైంగిక హింసకు గురైనవారిలో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. ఈ రెండు సంగతులనూ నేను విడదీసి చూడలేను. పొద్దున గోడకుర్చీ వేయించిన మనిషి దగ్గరికి మధ్యాహ్నం వెళ్లి ‘ఫలానావాడు నన్ను ముట్టుకున్నాడు’ అని చెప్పుకోవాలంటే ఏ పిల్లకైనా నోరు పెగలుతుందా?

కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది, అది 2010 నుంచి అమల్లో ఉంది. అయినా ‘కళ్లు రెండూ వదిలేసి మిగతాదంతా మీ ఇష్టం’ అని టీచరుకు అప్పగించే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. భయం లేకపోతే పిల్లలు మాట వినరన్నది వాళ్ల వాదన. నిజమే, బెత్తం ఉన్న గదిలో సద్దు ఉండదు. కాని ఆ నిశ్శబ్దంలో పాఠం అర్థం కాని పిల్లాడు కూడా ‘అర్థమైంది సార్’ అంటాడు. క్రమశిక్షణ అనుకున్నది అక్కడ చదువునే మింగేస్తుంది. టీచర్లకు తీరికెక్కడిదన్న అభ్యంతరంలో మాత్రం బరువుంది. ఒక్కరే ఐదు తరగతులు చెబుతూ, గుడ్ల లెక్కలు రాసే బడిలో కౌన్సెలింగ్ పేరుతో మరో పని మోపడం అన్యాయం. నేనడిగేది అంత పెద్దదీ కాదు. చిటికెన వేలు చూపించిన పిల్లను ‘ఇప్పుడే కదా వెళ్లొచ్చావు’ అని కూర్చోబెట్టకుండా పంపడానికి తీరికతో పనేముంది? ఒంటేలుకే అనుమతి దొరకని పిల్ల పెద్ద కష్టం చెప్పడానికి వేలెత్తుతుందనుకోవడం మన భ్రమ.

అందరికీ ఆ మాట ఒకే భాషలో రాదు. సవర, కోయ, గోండు పిల్లలు తెలుగు బడిలో నెలల తరబడి మాట్లాడకపోతే మొద్దులని ముద్ర వేయడం తేలిక. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది ఈ గోడను దాటడానికే. అలాగైతే తెలుగు, ఇంగ్లిషు ఎప్పుడొస్తాయని అడుగుతారు. ఇంటి భాషలో చదవడం పట్టుబడిన పిల్లకు రెండో భాష దాని మీదుగానే వస్తుంది. పైగా కడుపు నొప్పిగా ఉందని చెప్పుకోవడం తెలుగు వచ్చేదాకా ఆగదు. వినికిడి తక్కువున్న పిల్లవాడిదీ ఇదే కథ. అతన్ని వెనక బల్ల నుంచి ముందుకు మార్చడానికి జీవో అక్కర్లేదు. ఆ పని చేయకుండా గుమ్మానికి ర్యాంపు కట్టించి ఫొటో తీసుకోవడం మనకు అలవాటైంది.

ఇవన్నీ అడగడానికి చోటు లేకపోలేదు. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. సమావేశాల్లో బియ్యం, రంగులు, బెంచీల లెక్క అడిగేవాళ్లు, సాయంత్రం ఇంటికొచ్చిన పిల్ల నీళ్ల సీసా నిండుగానే ఎందుకుందో కూడా అక్కడే అడగొచ్చు.