జనం చూపే బ్రేకు వేయించింది!

పందెంలో కారు అదుపు తప్పిన తర్వాత డ్రైవరు చేయగలిగింది తక్కువ. ప్రమాదాన్ని ముందే పసిగట్టిన వాడే బయటపడతాడు. 1950 మే 21న మొనాకోలో జరిగిన కార్ల పందెం ఇందుకు సాక్ష్యం.

మొనాకో మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న రాజ్యం. అక్కడ పందేనికి వేరే మైదానం లేదు. ఊరి వీధుల్లోనే కార్లు పరుగెడతాయి. పక్కకు తప్పుకుందామంటే చోటుండదు.

ఆనాడు మొదటి చుట్టులోనే సముద్రపు అల ఒకటి గట్టు దాటి రేవు దగ్గరి మలుపును తడిపేసింది. రెండో స్థానంలో వస్తున్న ఇటలీ డ్రైవరు ఫరీనా కారు ఆ తడి మీద జారి గిర్రున తిరిగింది. వెనుక కారు దాన్ని గుద్దింది. ఆ వెనుకవి ఒకదానిపై ఒకటి వచ్చిపడ్డాయి. 19 కార్లలో 9 కార్ల పందెం అక్కడే ముగిసింది. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు.

అందరికంటే ముందున్న అర్జెంటీనా డ్రైవరు ఫాంజియోకు ఈ సంగతి తెలియదు. రెండో చుట్టులో అదే మలుపుకు వస్తున్నాడు. తనను చూడవలసిన జనం అటు తిరిగి మరెక్కడో చూస్తున్నారు. అదే ఊళ్ళో 1936లో జరిగిన పందెంలో కార్లు గుద్దుకున్న ఫోటో ఒకటి అతనికి చప్పున గుర్తుకొచ్చింది. వెంటనే బ్రేకు వేశాడు. విరిగిన కార్ల మధ్య సందు చూసుకుని మెల్లగా దాటిపోయాడు. 100 చుట్ల ఆ పందెంలో చివరికి గెలిచింది అతనే.

టైరుకు రోడ్డు మీద ఉండే పట్టుకు ఒక హద్దు ఉంది. బ్రేకుకూ, మలుపుకూ ఆ పట్టునే పంచుకోవాలి. తడి రోడ్డు మీద అది ఇంకా తగ్గుతుంది. మలుపు మధ్యలో బ్రేకు గట్టిగా తొక్కితే బండి జారుతుంది. మలుపుకు ముందే, బండి తిన్నగా ఉండగా వేగం తగ్గించాలి. అయినా వెనుక చక్రాలు కుడికి జారితే స్టీరింగును కుడికే తిప్పాలి, ఎడమకు జారితే ఎడమకే. చూపు అడ్డంకి మీద కాక, వెళ్ళవలసిన దారి మీద ఉండాలి.

ఫాంజియో ఆ తర్వాత 5 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రోజు అతను చేసిన పని మన రోడ్ల మీద లారీ డ్రైవర్లు ఎరగనిది కాదు. మలుపు దగ్గర జనం గుమిగూడి అటువైపు చూస్తుంటే, ఏం జరిగిందో కనబడక ముందే వారి కాలు బ్రేకు మీదికి పోతుంది.