కేసులో పేరుందా? ఆ ఫోన్‌తో జాగ్రత్త!

‘‘స్టేషన్ నుంచి మాట్లాడుతున్నా. నీ మీద వారెంటుంది. ఇప్పుడే డబ్బులేస్తే పేరు తీసేస్తా...’’

2024 ఎన్నికల గొడవలు చూసిన పల్నాడులో, ఏ మాచర్ల కుర్రాడికో ఇలాంటి ఫోనొస్తే? అవతలివాడు కేసు నంబరు, సెక్షన్లు, తండ్రి పేరుతో సహా చెబుతుంటే పోలీసేనని నమ్మేస్తాం. పైగా ఉద్యోగం, పాస్‌పోర్టు ఏమైపోతాయోనన్న భయం!

నిజానికి ఆ వివరాలు రహస్యం కాదు. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను వెబ్‌సైట్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. తన మీద ఆరోపణలేంటో నిందితుడికి తెలియాలన్నది ఉద్దేశం. మోసగాడికీ అవే పనికొస్తాయి. అమెరికాలో లైంగిక నేరస్థుల జాబితాలు అందరికీ కనిపిస్తాయి. వాటిలో పేరున్నవాళ్లనూ ఇలాగే బెదిరిస్తుంటారు. మన దగ్గర 2018లో మొదలైన అలాంటి జాబితాను పోలీసులే చూడగలరు.

ఇవి గుర్తుంచుకోండి:

* డబ్బు కడితే ఎఫ్‌ఐఆర్‌లోంచి పేరు తీసే పద్ధతే లేదు. దాన్ని కొట్టేయించాలంటే హైకోర్టుకు వెళ్లాలి.

* విచారణకు రమ్మనే నోటీసును వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

* ఫోన్ పెట్టేయండి. లాయర్‌ని అడగండి, లేదా స్టేషన్‌కి నేరుగా వెళ్లి కనుక్కోండి.

* డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

‘కేసున్నోడు ఫిర్యాదేం చేస్తాడులే’ అన్నదే మోసగాడి ధీమా. కేసులో పేరున్నా, మోసపోతే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది.