చుక్కలు లెక్కపెట్టి కొనండి!

కథలు రాసుకోవడానికి నాకంటూ ఓ లాప్‌టాప్ ఉండాలని ఎన్నాళ్ల కోరికో. చీటీ పాడిన డబ్బూ, పత్రికల వాళ్లిచ్చిన పారితోషికాలూ కలిపి కిందటేడు కొనేశాను. పెట్టె మీద పెద్దక్షరాలతో 'హెచ్‌డీ' అని ఉంది. "హెచ్‌డీ అంటే ఇంకేం చూడక్కర్లేదండీ, బొమ్మ అద్దంలా ఉంటుంది" అన్నాడు షాపతను. సంబరపడిపోయాను.

ఇంటికొచ్చి టైపు చేయడం మొదలెట్టాక తెలిసింది. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటల్లో ఒత్తులు అలుక్కుపోయినట్టుండేవి. సాయంత్రానికి కళ్లు లాగేవి. "నలభై దగ్గరపడుతోంది కదా, కళ్లజోడు పెట్టించుకో" అని మావారి సలహా. డాక్టరుకి చూపించుకుంటే చూపు బాగానే ఉందన్నారు. మరి లోపం ఎక్కడ?

టెన్త్ చదివే మా అమ్మాయి ఆ ముడి విప్పింది. "అమ్మా, దీని రిజల్యూషన్ 1366, 768. అంతే!"

అంటే ఏమిటంటారా? తెర మీద బొమ్మంతా చుక్కలే. వాటినే పిక్సెల్స్ అంటారు. మొదటి అంకె అడ్డంగా ఎన్ని చుక్కలో, రెండోది నిలువునా ఎన్నో చెబుతుంది. ఉన్న వాకిట్లోనే చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే కదా ముగ్గులో సన్నటి మెలికలు తిప్పగలం! నా 15.6 అంగుళాల తెరలో చుక్కలు సుమారు పదిన్నర లక్షలు. అదే సైజు 'ఫుల్ హెచ్‌డీ' తెరలో 1920, 1080. అంటే 20 లక్షల 73 వేల పైచిలుకు. పేరులో తేడా ఒక్క 'ఫుల్' మాటే, చుక్కల్లో మాత్రం దాదాపు రెట్టింపు!

1280, 720 చుక్కలున్నా హెచ్‌డీయే. కాబట్టి షాపతను అబద్ధం చెప్పాడనలేను. పైగా పెట్టె మీది హెచ్‌డీ ఒక్కోసారి తెర గురించే కాదు, కెమెరా గురించో, గ్రాఫిక్స్ గురించో కూడా కావచ్చు.

ఈమధ్య మా ఆడపడుచు కూతురికి ఇంజినీరింగులో సీటొచ్చింది. "అత్తయ్యా, లాప్‌టాప్ కొనడానికి నువ్వూ రావా" అంది. షాపులో మళ్లీ అదే పాట, "హెచ్‌డీ మేడమ్" అని. "అది సరే బాబూ, అడ్డం ఎన్ని, నిలువు ఎన్ని?" అన్నాను. తెరిచి చూపించాడు. విండోస్ లాప్‌టాప్‌లో తెర మీద ఖాళీచోట మౌస్ కుడి బటన్ నొక్కి, 'డిస్‌ప్లే సెట్టింగ్స్'లోకి వెళితే ఆ అంకెలు కనిపిస్తాయి. 1920, 1080 ఉన్నదే తీసుకున్నాం.

"అక్షరాలు మరీ చిన్నవైపోయాయే" అంది మా ఆడపడుచు. చుక్కలు చిన్నవైతే అక్షరాలూ చిన్నబడతాయి మరి. అక్కడే 'స్కేల్' అన్నది 125కో 150కో పెంచితే సరి. క్యూహెచ్‌డీ, 4కె అని ఇంకా పై రకాలూ ఉన్నాయి. చదువుకీ రాతకీ అంత అక్కర్లేదు. ధరా ఎక్కువ, బ్యాటరీ ఖర్చూ ఎక్కువే.

ఇక నా లాప్‌టాప్ అంటారా? దాని తెరకి పుట్టుకతో వచ్చిన చుక్కలే, పెరగవు. అక్షరాలు పెద్దవి చేసుకుని రాసుకుంటున్నాను.

చీర కొనేటప్పుడు మడత విప్పించి, రంగు పోతుందా అని పదిసార్లు అడుగుతాం. వేలు పోసి కొనే వస్తువు దగ్గర ఒక్క ప్రశ్నకి మొహమాటమెందుకు చెప్పండి?