కత్తెర పడితేనే స్వెట్టర్!

మీకు తెలుసా? పది పన్నెండు రంగులతో ధగధగలాడే ఫెయిర్ ఐల్ స్వెట్టర్‌లో ఏ వరసను పట్టి చూసినా ఉండేవి రెండే రంగులు! కొన్ని వరసలు పోగానే రంగుల జత మారిపోతుంది, అంతే. నమ్మకం లేదా? వేలు పెట్టి లెక్కపెట్టుకోండి!

ఈ అల్లికకు పేరిచ్చిన ఫెయిర్ ఐల్ స్కాట్లాండ్ ఉత్తరాన సముద్రంలో ఉన్న షెట్‌లాండ్ దీవుల్లో ఒక చిన్న దీవి. పొడవు 5 కిలోమీటర్లు. జనం వందమంది కూడా లేరు. దీవి మొత్తం ఒక్క బంతిలో కూర్చుని భోంచేయొచ్చు!

మీకు తెలుసా? 1922లో బ్రిటిష్ యువరాజు ఎడ్వర్డ్ ఈ స్వెట్టర్ వేసుకుని సెయింట్ ఆండ్రూస్‌లో గోల్ఫ్ ఆడాడు. ఇంకేముంది, జాలర్ల స్వెట్టర్ కాస్తా దొరల ఫ్యాషనైపోయింది. ఆయన 1936లో రాజై, ఏడాది తిరక్కుండానే గద్దె దిగాడు. స్వెట్టర్ మాత్రం వందేళ్లు దాటినా దిగలేదు!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. బొత్తాల స్వెట్టర్‌ను ముందువైపు తెరుచుకునేలా అల్లరు. నడుము నుంచి మెడ దాకా గొట్టంలా గుండ్రంగా అల్లుకుపోతారు. అంతా అయ్యాక కత్తెర తీసి నిలువునా కోసేస్తారు! వారాల తరబడి పడ్డ కష్టం... కర్‌ర్‌ర్! కంగారు పడకండి. కోత పడాల్సిన చోట ముందే ఏడెనిమిది కుట్లు అదనంగా వేసి, ఒక కుట్టు ఈ రంగు, ఒక కుట్టు ఆ రంగుగా పట్టీ అల్లి ఉంచుతారు. కత్తెర నడిచేది ఆ పట్టీ నడిమధ్యన. మరి అంచు ఊడిపోదా? షెట్‌లాండ్ గొర్రె ఊలు నూగునూగుగా ఉండి పక్క పోగును పట్టుకుంటే వదలదు. చంకల దగ్గరా ఇదే తంతు. కోసి, ఆ అంచునే కుట్లెత్తి, చేతులు అల్లుతారు. ఇంత సాహసం ఎందుకంటారా? గుండ్రంగా అల్లితే బొమ్మ ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది, వెనక్కి తిప్పి అల్లే బాధ ఉండదు. కానీ నున్నటి నూలు దారంతో ఈ పని చేయబోతే, ముందు కుట్టు మిషన్ మీద రెండు వరసలు వేయాల్సిందే. లేదంటే స్వెట్టర్ పోయి దారపుండ మిగులుతుంది!

మీకు తెలుసా? ఈ స్వెట్టర్‌ను తిరగేస్తే లోపల ఇంకో పొర! వంతు రాని రంగు దారం వెనకాల అడ్డంగా సాగుతూ పోతుంది. అందుకే అంత వెచ్చన. ఆ దారం వదులైతే వేళ్లకు తగులుకుంటుంది, బిగిస్తే తలే దూరదు!

ఇంకో మాయ చూడండి. వెనకాల ఏ రంగు దారం కింద నుంచి వస్తే ముందువైపు దానిదే పైచేయి! సగంలో దారాలు తారుమారయ్యాయా, ఊలు మారకపోయినా అక్కడి నుంచి బొమ్మ కళ తప్పుతుంది.

షెట్‌లాండ్ అల్లికల మనిషి హేజెల్ టిండాల్ 2008 పోటీలో 3 నిమిషాల్లో వేసిన కుట్లెన్నో మీకు తెలుసా? 262! రెప్ప వేశారో, ఒక కుట్టు చూడనట్టే!

రంగుల అల్లిక షెట్‌లాండ్ సొత్తే కాదు. నార్వేలోని సెల్బులో 1857లో మారిట్ ఎమ్‌స్టాడ్ అనే పదహారేళ్ల అమ్మాయి ఎనిమిది రేకుల పువ్వున్న నలుపు తెలుపు చేతి తొడుగులు తొడుక్కుని చర్చికి వెళ్లిందట. ఇవాళ ఆ పువ్వు సెల్బు మునిసిపాలిటీ అధికారిక చిహ్నంలోకెక్కి కూర్చుంది. అదీ ఒకటి కాదు, మూడు!

2006లో రీగా నాటో సదస్సుకొచ్చిన అతిథులకు లాట్వియా ఇచ్చిన కానుక తెలుసా? చేత్తో అల్లిన తొడుగులు, దాదాపు 4,500 జతలు! సైనిక కూటమికి ఊలు స్వాగతం!

చివరిగా పెరూకు రండి. టిటికాకా సరస్సులోని టకిలే దీవిలో సూదులు పట్టి రంగురంగుల టోపీలు అల్లేది మగవాళ్లు! ఆ దీవి నేత, అల్లికల కళను యునెస్కో 2005లో గుర్తించింది. పెళ్లికొడుకు ఎంత బిగువుగా అల్లాడో తేల్చడానికి కాబోయే మామ టోపీలో నీళ్లు పోసి చూస్తాడట. మరి అల్లడం రానివాడు అల్లుడెలా అవుతాడు!