రెజ్యూమె అప్‌లోడ్ చేస్తున్నారా.. ఒక్క నిమిషం!

ఫైనలియర్ అయిపోయింది. ఫ్రెండ్సంతా జాబ్ పోర్టళ్లలో రెజ్యూమె పెట్టేశారు. ‘నువ్వింకా పెట్టలేదా?’ అని అడుగుతున్నారు. మరి పెట్టాలా, వద్దా?

బీటెక్ అయిన వారానికే నేను కనిపించిన ప్రతి సైట్లోనూ పెట్టేశాను. మూడో రోజు నుంచి ఫోన్లు మొదలు. ఒకరు కోర్సులో చేరమన్నారు. ఇంకొకరు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మమన్నారు. మూడో ఆయన మాత్రం ‘మీరు సెలెక్టయ్యారు, రిజిస్ట్రేషన్‌కి రూ.2,500 కట్టండి, మొదటి జీతంతో కలిపి వెనక్కి ఇచ్చేస్తాం’ అన్నాడు. ఇంటర్వ్యూ కూడా లేకుండా ఉద్యోగమేంటని ఆలోచించకుండా పంపేశా. ఆ నంబరు మళ్లీ కలవలేదు. డబ్బులు పోవడం ఒకెత్తు. పుట్టినతేదీ, నాన్న పేరు, ఇంటి అడ్రస్, కింద నా సంతకం.. ఇవన్నీ ఆ రెజ్యూమెలో ఉండటం ఇంకో ఎత్తు.

అసలు జరిగేదేంటి?

నౌకరీ.కామ్ లాంటి పోర్టళ్లు మన దగ్గర రూపాయి తీసుకోకుండానే రెజ్యూమె పెట్టనిస్తాయి. రిక్రూటర్లు మాత్రం డబ్బు కట్టి ఆ డేటాబేస్‌లో వెతుక్కుంటారు. స్కిల్, ఊరు, అనుభవం అంటూ ఫిల్టర్లు పెడతారు. ‘రెండు నుంచి ఐదేళ్ల అనుభవం’ అని పెట్టగానే ఫ్రెషర్లంతా జాబితాలోంచి తప్పుకుంటారు.

అందుకే రెండు పనుల్ని విడివిడిగా చూడండి. రెజ్యూమెను అందరికీ కనిపించేలా పెట్టి ఎవరో పిలుస్తారని ఎదురుచూడటం ఒకటి. కావాల్సిన ఉద్యోగం చూసుకుని మనమే అప్లై చేయడం ఇంకొకటి. ఫ్రెషర్లకు ఎక్కువ ఉపయోగపడేది రెండోదే. కంపెనీల కెరియర్స్ పేజీలు, సీనియర్ల రిఫరల్స్, కేంద్ర ప్రభుత్వం నడిపే నేషనల్ కెరియర్ సర్వీస్ పోర్టల్.. వీటికి ముందు టైమివ్వండి. చెప్పుకోదగ్గ ఇంటర్న్‌షిప్పో, ప్రాజెక్టో ఉంటే మాత్రం ఒకట్రెండు పేరున్న సైట్లలో రెజ్యూమె పెట్టడం మంచిదే.

పెట్టేటప్పుడు..

* పేరు, మెయిల్, ఫోన్ నంబరు, ఊరు చాలు. ఆధార్, పాన్ నంబర్లు, పూర్తి చిరునామా, తండ్రి పేరు, సంతకం వద్దు. అవి ఆఫర్ వచ్చి, అది నిజమని తేలాక ఇవ్వాల్సినవి.

* ఉద్యోగాల కోసం విడిగా ఒక మెయిల్ ఐడీ పెట్టుకోండి. బ్యాంకు ఖాతాకు లింకైన మెయిల్ ఇవ్వకండి.

* ‘హార్డ్ వర్కర్’ అని ఏ రిక్రూటరూ వెతకరు. ‘జావా’, ‘ఎస్‌క్యూఎల్’, ‘ఆటోక్యాడ్’ అని వెతుకుతారు. మీకు నిజంగా వచ్చిన స్కిల్స్‌ని ఆ పేర్లతోనే రాయండి.

* విజిబిలిటీ సెట్టింగ్స్ ఓసారి చూడండి. ఉద్యోగం వచ్చాక ప్రొఫైల్ దాచేయండి, లేదా తీసేయండి.

ఫోనొస్తే..

కంగారుపడి ‘ఓకే సార్’ అనేయకండి. కంపెనీ పేరు, ఉద్యోగం పేరు అడిగి రాసుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌ని మీరే తెరిచి, ఆ ఉద్యోగం ఉందో లేదో చూడండి. వాళ్లు పంపిన లింకు నొక్కొద్దు. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమానించాల్సిందే. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్ ఛార్జీలు.. పేరేదైనా సరే, ఉద్యోగమివ్వడానికి డబ్బు అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఒకవేళ కట్టేసినా సిగ్గుపడి దాచుకోవద్దు. నేను చేసిన రెండో తప్పు అదే, నెల దాకా ఇంట్లో చెప్పలేదు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇప్పటికే రెజ్యూమె పెట్టేశారా? పర్లేదు. ఇవాళే లాగిన్ అయి, సంతకం, చిరునామా తీసేసిన కొత్త కాపీ అప్‌లోడ్ చేయండి. పది నిమిషాల పని.